కోరంగి ధర

తాతారావు మేష్టారు గిన్నెను తలకిందులు చేశారు. పెరుగు జారలేదు.

"నలభై నిమిషాలు," అన్నారాయన. "మీ ఎదురుగానే తోడు పెట్టాను. మీ ఎదురుగానే తలుపేశాను. మధ్యలో ఎవరూ లోపలికి వెళ్ళలేదు. అవునా?"

అవునని నీరజ ఒప్పుకుంది. పదింటికి ఆయన గిన్నెలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు మజ్జిగ కలిపి, గదిలో బల్ల మీద పెట్టడం చూసింది. తర్వాత ముగ్గురూ వరండాలో కూర్చుని టీ తాగారు. పదీ నలభైకి తలుపు తీశారు. డిసెంబరు నెలలో కాకినాడలో పాలు తోడుకోవడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకు తెలుసు. మేష్టారి చేతి గడియారం పదీ నలభై చూపిస్తోంది. గదిలో గోడ గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది.

నీరజ చెల్లెలు కిన్నెర వేలితో కొంచెం పెరుగు తీసి నాలిక మీద వేసుకుంది.

"పులుపు చాల్లేదు మేష్టారూ. ఇంకో పది నిమిషాలు ఉంచాల్సింది."

తాతారావు గారు పాలిటెక్నిక్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. జగన్నాథపురంలో పడవల సామాన్లు అమ్మే కొట్టు ఉంది. దాని మేడ మీద గదిని ఆయన అద్దెకు తీసుకున్నారు. పది అడుగులు, పన్నెండు అడుగులు. గోడలకు, కప్పుకు, నేలకు నాలుగు వరసల రాగి పట్టీ చుట్టారు. పట్టీలో కరెంటు పారినంతసేపు లోపల కాలం పదింతలు నడుస్తుంది.

"పదే ఎందుకు, పదకొండు ఎందుకు కాదు అని అడక్కండి. నాకూ తెలీదు. తెలిశాక చెప్తాను."

"మనుషులు వెళ్ళొచ్చా?" అని అడిగింది కిన్నెర.

"నేను వెళ్ళాను. లోపలి లెక్కన వంద గంటలు ఉన్నాను. గడ్డం పెరిగింది. అంతే."

నీరజ గడ్డం గురించి ఆలోచించలేదు. బడ్జెట్ గురించి ఆలోచించింది.

ఆమె పదకొండేళ్ళు హైదరాబాద్‌లో వీడియో గేములు తీసే పెద్ద కంపెనీలో బడ్జెట్లు వేసింది. ఆమె ఆఖరుగా చూసిన గేముకు నాలుగు వందల ఇరవై మంది ఐదేళ్ళు పనిచేశారు. దాని ధర 4,999 రూపాయలు. రెండేళ్ళ కింద ఆ ఉద్యోగం వదిలేసి, కాకినాడలో చెల్లెలు పెట్టిన 'ఏలేరు గేమ్స్'లో చేరింది. ఏలేరులో అప్పటికి ముగ్గురున్నారు. కిన్నెర బొమ్మలు గీసి ఆటను అల్లుతుంది, ఇమ్రాన్ ప్రోగ్రాం రాస్తాడు, సలోమి శబ్దాలు, సంగీతం చూస్తుంది. ముగ్గురూ తొమ్మిది నెలలకో చిన్న గేము చేసి 149 రూపాయలకు అమ్మేవారు.

కంపెనీ పెద్దదైనా చిన్నదైనా గేము ధర కట్టే పద్ధతి ఒక్కటే. ఎంతమంది, ఎన్ని నెలలు. ఒకరు ఒక నెల చేసే పనిని ఆ వృత్తిలో మనిషి-నెల అంటారు. కరెంటు బిల్లు, అద్దె, కంప్యూటర్లు అన్నీ కలిపినా దాని ముందు చిల్లరే.

కిన్నెర దగ్గర మూడేళ్ళుగా ఒక గేము ఉంది. పేరు 'కోరంగి'. 1839లో ఉప్పెన వచ్చి కోరంగి రేవును ముంచేసింది. దానికి ముందు అక్కడ ఓడలు కట్టేవారు, ఓడలు ఆగేవి, బజార్లుండేవి. ఆట ఆడేవాళ్ళు ఆ రేవులో ఒక ఏడాది బతకాలి. ఏడాది చివర ఉప్పెన వస్తుంది. దానికి నూట ఇరవై మనిషి-నెలలు పడతాయని, 1,299 రూపాయలకు అమ్మితే గిట్టుబాటవుతుందని నీరజ అప్పుడే లెక్క వేసింది. పెట్టుబడి పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. 149కి కొనేవాళ్ళున్నారు. 4,999కి కొనేవాళ్ళున్నారు. మధ్య ధరకు కొనేవాళ్ళు పదేళ్ళుగా తగ్గుతూ వచ్చి, ఇప్పుడు లేరనే అందరూ అనుకుంటున్నారు.

నీరజ మేష్టారి చేతిలో గిన్నె తీసుకుని కింద పెట్టి చెల్లెలి వైపు చూసింది.

"నూట ఇరవై నెలల పని ఏడాదిలో అయిపోతుందే."

"నేనూ అదే అనుకుంటున్నానక్కా," అంది కిన్నెర. "కోరంగి 149కే ఇవ్వొచ్చు."

*

జనవరిలో పని మొదలైంది. మేష్టారు ఒక షరతు పెట్టారు. ఒక మనిషి రోజుకు ఒక గంటే లోపల ఉండాలి. బయట ఒక గంటంటే లోపల పది గంటలు. ఒక రోజు పనికి అది చాలు. తలుపు పక్కన రిజిస్టరు పెట్టి, ఎవరు ఎప్పుడు వెళ్ళారో, ఎప్పుడు వచ్చారో తానే రాసేవారు.

ఇమ్రాన్, సలోమి ఆ షరతుకు కట్టుబడ్డారు. కిన్నెర మొదటి వారమే తప్పింది. పదింటికి వెళ్ళి పన్నెండింటికి వచ్చింది. రెండో వారం రెండింటికి వచ్చింది. ఫిబ్రవరి నుంచి ఉదయం పదింటికి వెళితే సాయంత్రం నాలుగింటికి వచ్చేది. ఆదివారాలు కూడా. మేష్టారు రెండుసార్లు కేకలేశారు. మూడోసారి ఆమె ఆయన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, రేవులో తాను కట్టిన మొదటి వీధిని చూపించింది. ఆయన గంటసేపు ఆ వీధిలో తిరిగి, తర్వాత ఏమీ అనలేదు.

ఆరు గంటలంటే లోపల అరవై గంటలు. అంటే రెండున్నర రోజులు. అందుకు తగ్గట్టు తిండి కావాలి. కింద కొట్టు దగ్గర భోజనాల క్యారేజీలు ఇచ్చే సూరమ్మ రోజూ ఎనిమిది క్యారేజీలు పైకి తెచ్చేది.

"ఆయ్, ఎనిమిది తిని ఈవిడ పుల్లలా ఉందేంటండి బాబూ? నేను రెండు తింటేనే నాకు చీర చాలట్లేదు!"

"పని ఎక్కువ సూరమ్మా," అనేది నీరజ.

"అదేం పనండీ? గుమ్మం దాటి బయటికి రాకుండా చేసే పని?"

ఆ ఏడాది నీరజ చాలా వింతలు చూసింది. కిన్నెర వారానికి రెండుసార్లు గోళ్ళు తీసుకునేది. పదిహేను రోజులకు ఒక టూత్‌పేస్టు అయిపోయేది. ఒక రోజు ఒంట్లో నూట రెండు జ్వరంతో లోపలికి వెళ్ళింది. నాలుగింటికి జ్వరం తగ్గి, ఆకలి వేసి బయటికి వచ్చింది. నీరజకు అది నచ్చింది. జ్వరానికి సెలవు ఖర్చు కాలేదు.

ప్రతి నెలాఖరునా ఆమె బడ్జెట్ షీటు రాసింది. తనతో, మేష్టారితో కలిపి ఐదుగురు, ఒక నెల, ఐదు మనిషి-నెలలు. డిసెంబరుకు అరవై అయ్యాయి. అరవైతో లెక్క కడితే 149 ధర సరిపోతుంది. ఆమెకు ఈ పని పదమూడేళ్ళుగా అలవాటు. క్యాలెండరులో నెల మారితే షీటులో నెల మారుతుంది. జీతాలూ అలాగే ఇస్తారు. ఇంకోలా లెక్కపెట్టాలని ఆమెకు తోచలేదు.

*

జనవరి మొదటి వారంలో కిన్నెర కాగితం మీద అక్షరాలు ఆనడం లేదంది. నీరజ ఆమెను మెయిన్ రోడ్డులో కళ్ళజోళ్ళ షాపుకు తీసుకువెళ్ళింది. షాపాయన పరీక్ష చేసి, చీటీ రాసి, దాన్ని నీరజ చేతికిచ్చాడు.

"చత్వారం మొదలైందమ్మా. నలభై దగ్గర పడితే అందరికీ వచ్చేదే. మీ అక్కగారికి దగ్గరి చూపుకి జోడు చాలు." తర్వాత మర్యాదకు అడిగాడు. "మీకింకా ఆ వయసు రాలేదనుకుంటాను?"

కిన్నెర నవ్వడం మొదలుపెట్టింది. షాపు మెట్లు దిగి, ఆటో ఎక్కి, జగన్నాథపురం వంతెన దాటేదాకా నవ్వుతూనే ఉంది.

"నోరు మూసుకోవే," అంది నీరజ.

"పెద్దదాన్ని పట్టుకుని 'వే' ఏంటే? అక్కా అను."

"తంతాను."

"తమరి కంటే ముందు చత్వారం వచ్చింది నాకు. కాస్త మర్యాదివ్వు."

నీరజ ఆటోలో చెల్లెలి మొహం చూసింది. రోజూ చూసే మొహమే. చెవి పక్కన నెరిసిన వెంట్రుకలున్నాయి. కంటి కింద గీత ఉంది. నీరజ వయసు ముప్పై తొమ్మిది. కిన్నెర ఆమె తర్వాత రెండేళ్ళ నెల రోజులకు పుట్టింది.

మధ్యాహ్నం నీరజ తలుపు పక్కన ఉన్న రిజిస్టరు తీసుకుని వరండాలో కూర్చుంది. రాకపోకలన్నీ మేష్టారి చేతిరాతతో ఉన్నాయి. అన్నీ బయటి గడియారం లెక్కలే. ఏడాదిలో ఎవరూ వాటిని పదితో హెచ్చించలేదు. ఆమె ఒక్కో పేజీ తిప్పుతూ హెచ్చించింది. నాలుగింటికి కిన్నెర బయటికి వచ్చి, ఆమెను చూసి, ఖాళీ క్యారేజీలు దించుకుంటూ వెళ్ళిపోయింది. ఐదింటికి మేష్టారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఏం తేలింది?"

"పోయిన నెల పదిహేడో తారీఖున అది నన్ను వయసులో దాటేసింది మేష్టారూ."

ఆయన ఆ కాగితం తన వైపు తిప్పుకున్నారు. జేబులోంచి పెన్ను తీసి, ఆమె వేసిన లెక్కను కింద నుంచి పైకి సరిచూశారు. తప్పు లేదు.

"రిజిస్టరు పెట్టింది నేను," అన్నారు. "రాశాను. చదవలేదు."

నీరజ రెండో లెక్క కూడా వేసింది. లోపల పనిచేసిన గంటలన్నీ కూడి, నెలకు నూట ఎనభై గంటల చొప్పున భాగించింది. కిన్నెరవి డెబ్బై రెండు. ఇమ్రాన్, సలోమిలవి కలిపి ముప్పై మూడు. మొత్తం నూట ఐదు మనిషి-నెలలు. ఉప్పెన ఇంకా చేయాలి. దానికి పదిహేను పడతాయని కిన్నెర రాసింది. కూడితే నూట ఇరవై. నాలుగేళ్ళ కింద, గది లేనప్పుడు, తాను వేసిన అంకె.

ఆమె ఆ అంకెను చాలాసేపు చూసింది. గది ఏమీ మిగల్చలేదు. పదిమంది ఒక ఏడాది పంచుకోవాల్సిన దాన్ని ముగ్గురి మీద వేసింది. ముగ్గురిలోనూ ఎక్కువ ఒకరి మీద వేసింది. షీటులో మాత్రం అది అరవైగా కనిపించింది. ఆ షీటు రాసింది తను.

తర్వాత, ఆపుకోలేక, మూడో లెక్క వేసింది. కిన్నెర మనసులో కోరంగి తర్వాత చేయాల్సినవి ఆరు గేములున్నాయి. ఇదే పద్ధతిలో పదేళ్ళు పనిచేస్తే, తనకు నలభై తొమ్మిది వచ్చేసరికి చెల్లెలికి డెబ్బై ఒకటి వస్తాయి.

*

రెండు రోజుల తర్వాత హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. పాత కంపెనీలో ఆమె పైఅధికారి కశ్యప్. కోరంగి ముక్క ఒకటి ఎవరో చూపించారట.

"ముగ్గురు చేశారంటే నేను నమ్మలేదు నీరజగారూ. తర్వాత గది గురించి విన్నాను. 149కి ఇస్తారట కదా?"

"ఇంకా ఖాయం చేయలేదు."

"ఆ ధరకి ఇంత గేము వస్తే మేం 4,999 ఎలా అడుగుతాం? మాకూ గది కావాలి. మూడు వందల మందికి సరిపడా. మీ మేష్టారిని ధర చెప్పమనండి." కాస్త ఆగి అడిగాడు. "ఒక్క మాట. లోపల పనిచేసినవాళ్ళకి జీతం బయటి గంటలకేనా?"

"ఇప్పటిదాకా బయటి గంటలకే ఇచ్చాం."

"మరింకేం!" అన్నాడతను. అతని గొంతులో చెడ్డతనం లేదు. ఆ స్థానంలో ఉంటే ఏడాది కింద తానూ అదే మాట అనేదని నీరజకు తెలుసు.

మేష్టారికి ఆ మాట చెప్పింది. ఆయన గదిని అమ్మనన్నారు. కానీ రాగి పట్టీ ఎక్కడైనా దొరుకుతుందని, తాను కనిపెట్టింది ఇంకొకరు కనిపెట్టకుండా ఉండరని కూడా అన్నారు. "ఇది లాభమా నష్టమా అన్నది మీరు గేము మీద వేసే ధర చెప్తుంది. నేను చెప్పలేను."

ఆ సాయంత్రం నీరజ కిన్నెరను కూర్చోబెట్టి షీటు చూపించింది. కిన్నెర కొత్త జోడు పెట్టుకుని చదివింది.

"అయితే?"

"ధర 1,299 పెడదాం."

"ఎవరు కొంటారు? నువ్వేగా చెప్పావు, మధ్య ధరకి కొనేవాళ్ళు లేరని!"

"149కి ఇస్తే పదివేల మంది కొంటారు. నిజమే. తర్వాతి గేము కూడా 149కే అడుగుతారు. దానికి నువ్వు మళ్ళీ లోపలికి వెళ్ళాలి. దాని తర్వాతది ఇంకోసారి."

"వెళ్తాను. నాకు లోపల బాగుంటుందక్కా. ఫోన్లు మోగవు. ఎవరూ రారు. పని ఉంటుంది."

"నీకు డెబ్బై ఒకటి వస్తాయే పిచ్చిదానా. నాకు నలభై తొమ్మిది."

"అప్పుడు నన్ను నువ్వు చూసుకుందువుగాని." నవ్వబోయి ఆగిపోయింది. "ఎవరూ కొనకపోతే ఎవరూ చూడరు. ఎవరూ చూడని ఊరికి రెండేళ్ళు పోశానా నేను? అది చెప్పు ముందు."

నీరజ పందెం వేద్దామంది. షరతులు చెప్పింది. ఉప్పెన లేకుండానే కోరంగిని 1,299కి అమ్మకానికి పెట్టాలి. ముప్పై రోజుల్లో పదహారు వందల మంది కొంటే, ఆ డబ్బుతో ఐదుగురిని మూడు నెలలు పెట్టుకుని ఉప్పెనను బయటే, మామూలు గదిలో, మామూలు గంటల్లో చేయించాలి. మేష్టారు రాగి పట్టీ విప్పేయాలి. కొనకపోతే ధర 149కి దించాలి. ఉప్పెన చేయడానికి కిన్నెర మళ్ళీ లోపలికి వెళ్ళాలి. ఫలితం తేలేదాకా గదికి తాళం వేయాలి.

"ఉప్పెన లేకుండా కోరంగి ఏంటక్కా? పెళ్ళి రోజున పెళ్ళికొడుకు లేనట్టుంటుంది."

"పెళ్ళికొడుకు మూడు నెలలాగి వస్తాడని ముందే చెప్దాం. అబద్ధమాడొద్దు."

కిన్నెర చేయి చాపింది. నీరజ ఆ చేతిలో చేయి వేసింది.

*

అమ్మకం పేజీలో రాసిన మాటలు నీరజవి. 'ఈ గేము ధర 1,299 రూపాయలు. ఇంతవరకు దీనికి నూట ఐదు మనిషి-నెలలు పట్టాయి. ఇందులో కోరంగి రేవు, ఊరు, నాలుగు వందల పడవలు ఉన్నాయి. ఉప్పెన లేదు. పదహారు వందల మంది కొంటే, ఐదుగురిని పనిలో పెట్టుకుని దాన్ని తయారుచేస్తాం. ముందు కొన్నవాళ్ళు దానికి విడిగా ఏమీ ఇవ్వక్కర్లేదు.'

మొదటి రోజు పదకొండు మంది కొన్నారు. అందులో ఒకరు సలోమి వాళ్ళ అన్నయ్య.

రెండో వారానికి నాలుగు వందలు దాటాయి. పేజీ కింద జనం రాయడం మొదలుపెట్టారు. చిన్న కంపెనీకి ఇంత ధరేమిటని కొందరు అడిగారు. ఇంత గేముకు ఇంత తక్కువేమిటి, ఏదో మోసముందని ఇంకొందరు అడిగారు. తాళ్ళరేవు నుంచి ఒకాయన రాశాడు. 'మీ పడవ పలకల కుట్టు మా తాతగారు కుట్టినట్టే ఉంది. మా మనవరాలి ఫోనులో చూశాను. ఉప్పెన వచ్చాక చెప్పండి. అప్పుడు కొంటాను.'

కిన్నెర ఆ ఉత్తరాన్ని అందరికీ చదివి వినిపించింది.

"చూశావా? ఉప్పెన కావాలి ఆయనకి."

"ఆయనకి ఉప్పెన కావాలంటే ఆయన ముందు కొనాలి," అంది నీరజ.

"అలా అని రాయనా?"

"రాయకు."

ఇరవయ్యో రోజుకు తొమ్మిది వందల అరవై. గదికి తాళం వేసి ఉన్న ఆ నెలలో కిన్నెర రోజూ అందరిలాగే ఇరవై నాలుగు గంటలు బతికింది. మొదట్లో తోచలేదంది. సినిమాకు వెళ్ళింది. సూరమ్మ దగ్గర ఒక్క క్యారేజీ తీసుకుంటే సూరమ్మ కంగారుపడి ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. సాయంత్రాలు అక్కతో కలిసి బీచి రోడ్డు మీద నడిచింది. అలలు ఎప్పుడూ ఇంత తొందరగా వస్తాయా అని ఒకసారి అడిగింది. లోపల తెర మీద ఆమె వాటిని నెమ్మదిగా కదిలించి గీసేది.

ముప్పయ్యో రోజు సాయంత్రం ఆరింటికి నలుగురూ తెర ముందు కూర్చున్నారు. పన్నెండు వందల పన్నెండు. ఏడింటికి కూడా అంతే.

ఇమ్రాన్ లేచి కుర్చీ సర్దాడు. సలోమి గిన్నెలు కడగడానికి వెళ్ళింది.

"మరీ తక్కువేం కాదక్కా," అంది కిన్నెర. ఓదార్పుగానే అంది. "పన్నెండు వందల మంది కొన్నారు. లేరన్నవాళ్ళు ఉన్నారు. కానీ పందెం పందెమే. రేపు పదింటికి నేను లోపలికి వెళ్తాను."

ఆమె వెళ్ళాక నీరజ మరో గంట అక్కడే ఉంది. ఇమ్రాన్‌తో, సలోమితో మాట్లాడింది. తర్వాత మేష్టారికి ఫోన్ చేసింది.

*

మర్నాడు తొమ్మిదీ నలభైకి నీరజ మేడ ఎక్కింది. మేష్టారు తాళం తీసి పెట్టారు. ఆమె రిజిస్టరులో తన పేరు రాసింది. ఏడాదిలో అదే మొదటిసారి.

"మీ చెల్లెలికి చెప్పారా?"

"లోపలికి వెళ్ళాక చెప్తాను."

"ఆవిడ కోప్పడతారు."

"నెమ్మదిగా కోప్పడుతుంది కదండీ, లోపల నుంచి చూస్తే."

మేష్టారు తలుపేశారు. రాగి పట్టీ సన్నగా మోగి ఆగింది. గదికి కిటికీ లేదు. బయటి వెలుగు లోపలికి వస్తే పదింతలు నెమ్మదించి, కంటికి ఆనకుండా చీకటైపోతుందని ఆయన ఒకసారి చెప్పారు. బల్ల, మంచం, స్టవ్వు, రెండు తెరలు ఉన్నాయి. ఒక తెర మీద మేడ మెట్లు, తలుపు ముందు భాగం కనిపిస్తాయి. రెండోది పని తెర. తలుపు బయట కూడా లోపలి పని చూపించే తెర, కీబోర్డు ఉన్నాయి. అక్కడ ఎవరైనా టైపు చేస్తే ఒక్కో అక్షరమే తీగ మీద వచ్చి లోపలి పని తెర కింది అంచున పడుతుంది.

ఆమె పని తెరిచింది. ఉప్పెనలో ముందుగా పడవల తాళ్ళు తెగాలి. నాలుగు వందల పడవలు, పడవకు మూడు తాళ్ళు. ఏ తాడు ఎంత లాగితే తెగుతుందో ఒక్కొక్కదానికీ మనిషి చూసి పెట్టాలి. ఈ పనిని ఒకసారి యంత్రానికి అప్పగిస్తే తాళ్ళన్నీ ఒకేసారి తెగాయి. బొమ్మలు గీయడం రానివాళ్ళు కూడా ఈ పని చేయొచ్చు. నీరజ మొదటి తాడు తీసుకుంది.

పదహారో పడవ దగ్గరుండగా మెట్ల తెరలో కిన్నెర కనిపించింది. ఎడమ పాదం మెట్టు మీద నుంచి లేచింది. నీరజ ఒక గుక్క నీళ్ళు తాగి చూసింది. పాదం ఇంకా గాలిలోనే ఉంది. కిన్నెర పైకి వచ్చేసరికి మరో తాడు అయింది. తలుపు దగ్గర రిజిస్టరు చూసి, ఆమె తల ఎత్తింది. నీరజ ఆ మొహం మారడం మొదటి నుంచి చివరిదాకా చూసింది. కోపం రావడానికి ముందు అందులో వేరే ఏదో వచ్చి పోయింది. బయట ఎవరికీ అది కనిపించదు.

అక్షరాలు పడ్డాయి. 'తలుపు తియ్యి.'

నీరజ రాసింది. 'తియ్యను. పందెం ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా. ధర మాత్రం దించను. పన్నెండు వందల మంది ఇచ్చిన డబ్బు పదకొండు నెలల పనికి వస్తుంది. నాలుగు నెలల పని తక్కువైంది. ఆ నాలుగూ నువ్వొక్కదానివే చేయాలా? నేను, ఇమ్రాన్, సలోమి పంచుకుంటే మాకు తలా పదిహేను రోజుల వయసు. నీ వాటా నువ్వెప్పుడో వాడేశావు.'

బయట ఎవరూ కదల్లేదు. మేష్టారి చేయి గడ్డం దగ్గరుంది. నీరజ మరో మూడు మాటలు పంపింది. ఇక్కడి కుర్చీ దరిద్రంగా ఉందని. టీ పొడి అయిపోయిందని. ఏడాదిపాటు ఇలాంటి కుర్చీలో కూర్చోబెట్టినందుకు తనను తిట్టమని.

చివరికి అక్షరాలు వచ్చాయి.

'రేపు నేను'

ఆ తర్వాత ఏమీ రాలేదు. కిన్నెర వేళ్ళు కీబోర్డు మీదే ఉన్నాయి. నీరజ పని చేయడానికి ప్రయత్నించి మానేసింది. స్టవ్వు వెలిగించి నీళ్ళు కాచుకుని, టీ పొడి లేదని గుర్తొచ్చి వట్టి నీళ్ళే తాగింది. గోడ గడియారంలో పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. రేపు నేను వెళ్తాను అంటే, ఎల్లుండి కూడా వెళ్తుంది. తలుపుకు లోపల గడియ ఉంది. కానీ ఏదో ఒక సాయంత్రం తాను బయటికి రావాలి. అప్పుడు ఎవరు ఆపుతారు? తెరలో కిన్నెర రెప్ప దిగుతోంది. దిగి, మళ్ళీ లేచింది. అరగంట గడిచింది. బయట మూడు నిమిషాలు.

'రేపు నేను రాను. సలోమిని పంపిస్తా.'

నీరజ కుర్చీలో వెనక్కి వాలింది. కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఏదైనా రాసే లోపల మరో వరుస పడడం మొదలైంది. ఈసారి అక్షరాలు ఆగకుండా వచ్చాయి.

'పదకొండో పడవ వెనక తాడు తప్పు పెట్టావు. అది కొత్త తాడు. చివరిదాకా తెగకూడదు.'

నీరజ వెనక్కి వెళ్ళి దాన్ని సరిచేసింది.